ఎర్రగీత కింద గాయం

తిరుత్తణి ఊరి మొదట్లో, తిరువళ్ళూరు బస్సులు మలుపు తిరిగే చోట, ఆ సాయంత్రం నలుగురు మనుషులు నిచ్చెనలెక్కి చెంగల్వరాయుడి మొహాన్ని రోడ్డుకు అడ్డంగా కడుతున్నారు. ఒక్క మొహం కాదు, అదే బేనరు మీద మూడు మొహాలు ఆయనవే. మధ్యలో చేతులు జోడించి నవ్వుతున్నది ఒకటి. కుడివైపు నల్లకళ్ళద్దాలు పెట్టుకొని దూరంగా చూస్తున్నది ఇంకొకటి. ఎడమవైపు ఫోను చెవి దగ్గర పెట్టుకొని, దేశాన్ని తానే నడుపుతున్నట్టు మాట్లాడుతున్నది మరొకటి. వీటన్నిటి కింద, ఒక మూలన, తపాలా బిళ్ళంత చోటులో ఒక పసిబిడ్డ ఉంది. ఆ బిడ్డ ఆయన మనుమరాలు భవ్యశ్రీ. ఎల్లుండి చెవులు కుట్టేది ఆ బిడ్డకే గాని తాతకు కాదని తెలియాలంటే బేనరు దగ్గరికి పోయి వెతుక్కోవాలి.

ఇందులో వింతేముంది అని మీరనవచ్చు. నిజమే, మన ఊళ్ళలో ఇది వింత కాదు. బిడ్డ పుడితే బేనరు, ఈడేరితే బేనరు, పెళ్ళయితే బేనరు, ముసలాయన పోతే కన్నీళ్ళ బొమ్మతో బేనరు. రోడ్డు ప్రభుత్వానిది, గాలి దేవుడిది, మొహం మనది. ఇంకెవరిని అడగాలి?

చెంగల్వరాయుడు స్టీలు పాత్రల టోకు వ్యాపారి, ఊరి వర్తక సంఘానికి అధ్యక్షుడు. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, ఆఫీసరు ఎదురైతే నాలుగు ఇంగ్లీషు ముక్కలు. పెద్దమనిషి అనిపించుకోవడానికి ఏమేం చేయాలో ఆయనకు బాగా తెలుసు. పెద్దమనిషిగా ఉండడానికి ఏం చేయాలని మాత్రం ఆయన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

బేనరు పైభాగాన తెల్లకోటుతో, మెడలో స్టెతస్కోపుతో కోడలు, భవ్యశ్రీ తల్లి విద్యాలక్ష్మి ఉంది. ఆమె తిరువళ్ళూరులో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగు డాక్టరు. పొద్దస్తమానం చీకటి గదిలో తెర ముందు కూర్చొని, మనుషుల లోపలి బొమ్మలు చూసి ఏం జరిగిందో చెప్పడం ఆమె పని. ఆ ఫొటో ఆమె కాలేజీ రోజులది. వాడుకునే ముందు ఆమెను ఎవరూ అడగలేదు. వరండాలో ఉయ్యాల బల్లను, గేటు పైన సింహాల బొమ్మలను చూపించుకున్నట్టే డాక్టరు కోడలిని చూపించుకోవడం ఆ ఇంటికి అలవాటు.

బేనరు కట్టించే బాధ్యత గుమాస్తా దేవరాజులుది. రోడ్డుకు అటొక సరుగుడు కొయ్య, ఇటొక సరుగుడు కొయ్య పాతించి, మధ్యలో బేనరుకు పైనా కిందా లావుపాటి నైలాను తాళ్ళు లాగించాడు. ఒక కొయ్య గుంతలో సరిగా దిగలేదు. పక్కనే టీకొట్టు నడిపే పచ్చయ్యప్ప అది చూశాడు.

"దేవరాజులన్నా, ఆ పక్క కొయ్య ఒరుగుతా ఉండాది. గాలి కొడితే తాడు కిందికి దిగుతాది" అన్నాడు.

"ఎల్లుండి దాకా నిలబడితే చాలు. రేప్పొద్దున చూస్తాం లే" అన్నాడు దేవరాజులు. దూరంగా పోయి, మొహాలు సరిగా కనిపిస్తున్నాయా లేదా అని మాత్రం రెండుసార్లు చూసుకున్నాడు. కనిపించాయి. ఆయన పని అయిపోయింది.

మరునాడు తెల్లవారుతుండగా బేబి తన స్కూటీ మీద ఆ మలుపు దగ్గరికి వచ్చింది. బేబి వయసు ముప్పై దాటలేదు. తిరువళ్ళూరు వైపు ఉన్న కార్ల విడిభాగాల కంపెనీలో పని. రోజూ బస్సు ఆగే చోటి దాకా స్కూటీలో పోయి, అక్కడ బండి నిలిపి కంపెనీ బస్సెక్కుతుంది. ఆ బస్సులో బేబి ఉందా లేదా అని తెలుసుకోవడానికి వెనక్కి తిరిగి చూడనక్కరలేదు, గొంతు వినిపిస్తుంది. నవ్వితే డ్రైవరు కూడా నవ్వుతాడు. భర్త పాల్‌రాజ్ షేర్ ఆటో నడుపుతాడు. అత్త తాయమ్మ, ఇద్దరు బడి పిల్లలు. ఇదీ సంసారం.

ఆ పొద్దున ఆమె తలకు హెల్మెట్ ఉంది, వేగం కూడా ఎక్కువ లేదు. చట్టం చెప్పినదంతా ఆమె చేసింది. కాని కొయ్య ఒరిగి, అడుగు తాడు వదులై, సరిగ్గా బండి మీద కూర్చున్న మనిషి మెడ ఎత్తుకు దిగి ఉంది. నల్లని తాడు, వెనక ఇంకా పూర్తిగా తెల్లవారని ఆకాశం. ఆమెకు అది కనిపించనే లేదు. గొంతుకు అడ్డంగా ఎవరో కట్టె పెట్టి కొట్టినట్టయింది. స్కూటీ ముందుకు పోయింది, బేబి వెనక్కి పడింది.

పచ్చయ్యప్ప పరుగెత్తుకొని వచ్చి ఆమెను లేపి కూర్చోబెట్టాడు. పదిమంది గుమిగూడారు. అందరూ వెతికింది ఒకటే, రక్తం యాడుందా అని. చేతులు చూశారు, మోకాళ్ళు చూశారు, హెల్మెట్ తీసి తల చూశారు. ఎక్కడా రక్తం లేదు. మెడ మీద చెవి నుంచి చెవి దాకా సన్నని ఎర్రగీత ఒకటి ఉంది, అంతే. గుంపుకు కొంచెం నిరాశ కలిగింది. రక్తం లేని ప్రమాదాన్ని ఫోనులో తీసి ఎవరికి పంపుతారు?

"ఏమీ గాలేదు. దేవుని దయ" అన్నాడు ఒకడు.

"సోడా తాగించండి" అన్నాడు ఇంకొకడు.

బేబి ఏదో చెప్పబోయింది. గొంతులోంచి మాట రాలేదు, గాలి వచ్చింది. భయంతో ఆమె పచ్చయ్యప్ప చేయి పట్టుకొని, రెండో చేత్తో తన గొంతు చూపించింది.

అప్పుడే దేవరాజులు మోటారుసైకిలు మీద వచ్చాడు. వచ్చినవాడు ముందు ఎక్కడికి పోయాడో తెలుసా? కొయ్య దగ్గరికి. ఇద్దరిని పిలిచి కొయ్య నిలబెట్టించి, తాడు బిగించి, బేనరు ముడతలు సరిచేయించాడు. చెంగల్వరాయుడి నవ్వు మళ్ళీ తిన్నగా వచ్చాక, అప్పుడు తీరిగ్గా కింద కూర్చున్న మనిషి వైపు తిరిగాడు.

"చూసుకొని నడపకూడదామ్మా బండి? ఇంతింత పెద్ద బేనరు కనబడలేదా నీకు?" అన్నాడు.

"బేనరు కనబడతాది అన్నా. తాడు కనబడదు" అన్నాడు పచ్చయ్యప్ప. "నేను నిన్ననే చెప్పినాను గదా."

దేవరాజులు అది వినపడనట్టు ఆటోను పిలిచి, బేబిని దగ్గరలో ఉన్న క్లినిక్కుకు తీసుకుపోయాడు. ఆ డాక్టరు చెంగల్వరాయుడికి బాగా కావలసినవాడు. టార్చిలైటు నోట్లో వేసి చూసి, మెడ మీద గీతకు ఆయింట్‌మెంట్ రాసి, ఒక ఊసి, అదే సూదిమందు, పొడిచాడు. "ఒన్నుమిల్లమ్మా, ఏమీ లేదు. అదిరిపడినావు, గొంతు బిగుసుకుంది. రెండు దినాలు మాట్లాడకు, ఉప్పునీళ్ళు పుక్కిలించు" అన్నాడు. గొంతు మీద వేలుపెట్టి కూడా చూడలేదు. మాట పోయిన మనిషిని మాట్లాడవద్దని చెప్పడమే ఆయన చేసిన వైద్యం. దానికాయన చదివిన చదువు ఎంతో మనకు తెలియదు. గోడ మీద సర్టిఫికెట్లు మాత్రం చాలా ఉన్నాయి.

పాల్‌రాజ్ వచ్చి ఆమెను ఇంటికి తీసుకుపోయాడు. తాయమ్మ ఉప్పునీళ్ళు కాచింది. బేబి ఒక గుక్క మింగబోయి, నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకొని కక్కేసింది. ఆ నీళ్ళలో ఎర్రటి చార కనిపించింది. పడుకోమంటే పడుకోదు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని చేత్తో సైగ చేసింది. మంచం అంచున ముందుకు వంగి కూర్చుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు చిన్న శబ్దం.

"ఏమోరా పాలూ, నాకు మంచిగా తోచలేదు. మెడ లావైపోతా ఉండాది చూడు" అంది తాయమ్మ. కోడలి మెడ మీద చేయి పెట్టింది. వెంటనే తీసేసింది. "ఓ యేసయ్యా! చర్మం కింద కరకరమంటా ఉండాదిరా. బొరుగులు నలిపినట్ల."

అదే సమయానికి దేవరాజులు ఆపిల్‌పండ్ల సంచితో గుమ్మంలోకి వచ్చాడు. "అయ్య పంపించినాడు. డాక్టరు ఏమీ లేదని చెప్పేసినాడు గదా, మళ్ళా ఆ ఆసుపత్రి ఈ ఆసుపత్రి అని తిరగొద్దండి. స్టేషను గీషను అని అసలే వద్దు. రేపు అయ్య ఇంట్లో మంచికార్యం" అన్నాడు.

నీళ్ళే మింగలేని మనిషికి ఆపిల్‌పండ్లు. పాల్‌రాజ్ ఆ సంచి వైపు చూడలేదు. భార్యను నడిపించుకొని పోయి ఆటోలో కూర్చోబెట్టాడు. తాయమ్మ పక్కన కూర్చొని కోడలిని ముందుకు వంచి పట్టుకుంది. ఆటో తిరువళ్ళూరు దారి పట్టింది. పోయేటప్పుడు ఆ బేనరు కిందినే పోవాలి, వేరే దారి లేదు.

ఆసుపత్రిలో గొంతు డాక్టరు ఆనంద్‌రాజ్ బేబి ఊపిరి శబ్దం విన్నాడో లేదో, చేతిలోని పని వదిలి లేచాడు. మెడ మీద వేళ్ళతో మెల్లగా తాకాడు. "చర్మం కింద గాలి చేరింది. గొంతు లోపల ఎక్కడో చినిగింది. అందుకే ఈ కరకర" అన్నాడు. సన్నని కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి దించి చూశాడు. లోపల వాచిపోయి ఉంది, ఒకవైపు స్వరతంత్రి కదలడం లేదు. ఏది ఎక్కడ విరిగిందో తెలియాలంటే సీటీ స్కాన్ కావాలి. స్కాన్‌కు వెల్లకిలా పడుకోవాలి. పడుకుంటే ఊపిరి ఆగుతుందేమోనన్న భయం. ఆయన గొంతుకు రంధ్రం చేసే సామాను ట్రేలో పెట్టించుకొని, తానే స్కానింగు గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, కొంచెంసేపే. నేను నీ తల దగ్గరే ఉంటాను. ఊపిరి ఆడకపోతే చేయి ఎత్తు చాలు" అన్నాడు.

అద్దానికి ఇవతల తెర ముందు కూర్చున్నది విద్యాలక్ష్మి. యంత్రం తిరిగింది. మెడను పైనుంచి కిందికి పలుచటి పొరలు పొరలుగా కోసి చూపించినట్టు బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. ఒక బొమ్మ దగ్గర ఆమె చేయి ఆగిపోయింది.

స్వరపేటికకు ముందు డాలులాగా ఒక మృదులాస్థి ఉంటుంది. అది నడిమికి విరిగి, విరిగిన అంచు లోపలికి కుంగి ఉంది. ఊపిరి పోయే దారి ఉండవలసిన దానిలో సగం కూడా లేదు. చుట్టూ కండరాల మధ్య నల్లని మచ్చలు. స్కాన్‌లో గాలి నల్లగా కనబడుతుంది. ఊపిరితిత్తులకు పోవలసిన గాలి చీలికలోంచి బయటపడి మెడంతా పాకుతోంది.

"డాక్టర్, వెంటనే థియేటర్‌కు తీసుకుపోండి" అంది విద్యాలక్ష్మి.

"పొద్దున తగిలిన దెబ్బ. ఎవరో గొంతుకు ఉప్పునీళ్ళు పుక్కిలించమని పంపించేశారట" అన్నాడు ఆనంద్‌రాజ్. "సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంచి ఉంటే మనకు పని ఉండేది కాదు."

బేబిని తీసుకుపోయాక విద్యాలక్ష్మి బయటికి వచ్చి పాల్‌రాజ్‌ను అడిగింది, దెబ్బ ఎలా తగిలిందని. రిపోర్టులో రాయడానికి అది కావాలి.

"తిరుత్తణి మలుపులో బేనరు తాడు తగిలినాది మేడమ్. పాత్రల అంగడి చెంగల్వరాయుడు అంట, ఆయన మనవరాలి..." అంటూ పాల్‌రాజ్ ఆమె మొహం వైపు చూసి ఆగిపోయాడు. పొద్దుటి నుంచి రెండుసార్లు ఆ బేనరు కింద తిరిగినవాడు. ఆ మొహం ఎక్కడ చూశాడో అతనికి అర్థమైంది. తాయమ్మ చేయి పట్టుకొని బెంచీ మీద కూర్చోబెట్టాడు. తిట్టి ఉంటే విద్యాలక్ష్మికి అంత సిగ్గు వేసేది కాదు.

ఆమె తన గదిలోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. మామగారు.

"అమ్మా విద్యా, ఆ పిల్ల మీ ఆసుపత్రికే వచ్చినాదంట గదా. మంచిదే అయినాది. నీ చేతిలోనే ఉండాది. వాపు అని రాసి పంపించేయమ్మా."

"వాపు కాదు మామయ్యా. గొంతులో విరిగింది. ఆపరేషన్‌కు తీసుకుపోయినారు."

"విరిగితే రక్తం రావాల గదా? దేవరాజులు దగ్గిరుండి చూసినాడు, ఒక చుక్క గూడా లేదంట. వీళ్ళ సంగతి నీకు తెలీదు. మనం పెద్దోళ్ళమని తెలిస్తే చాలు, గీరుకున్నదాన్ని గూడా కోర్టు దాకా లాగుతారు."

"నేను బొమ్మ చూసినాను మామయ్యా."

"నువ్వు చూసినావు సరే. ఇంకెవురూ చూడలేదు గదా?" ఆయన గొంతు మెత్తబడింది. "రేపు బిడ్డకు మంచికార్యం. ఆ బేనరు మీద నీ మొహం గూడా ఉండాది, మరిచిపోవద్దు."

ఆయన బెదిరించాలని అన్నాడో, గౌరవం గుర్తు చేయాలని అన్నాడో గాని, ఆమె మరిచిపోలేదు. ఫోను పెట్టేసి తెర ముందు కూర్చుంది. మృదులాస్థి ఎక్కడ విరిగిందో, ఎంత లోపలికి కుంగిందో, గాలి ఎంతవరకు పాకిందో ఉన్నది ఉన్నట్టు రాసింది. దెబ్బకు కారణం అనే చోట, రోడ్డుకు అడ్డంగా కట్టిన బేనరు తాడు అని రాసింది. కింద సంతకం పెట్టింది.

ఆపరేషన్ సాయంత్రానికి ముగిసింది. మెడ కింది భాగాన రంధ్రం చేసి, ఊపిరికి గొట్టం పెట్టి, విరిగిన మృదులాస్థిని చిన్న లోహపు బిళ్ళలతో జోడించారు. ప్రాణం దక్కింది. గొంతు ఎంతవరకు తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నాడు ఆనంద్‌రాజ్.

మర్నాడు పొద్దున తిరుత్తణి కొండ కింద ఉన్న కల్యాణ మండపంలో సన్నాయి మోగుతోంది. ముహూర్తానికి ఇంకా సమయముంది. భోజనశాలలో వర్తక సంఘం పెద్దలు ఇడ్లీలు తింటున్నారు. పట్టుపంచెతో చెంగల్వరాయుడు మధ్యలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఈ సందడి మధ్యకే ఆయన పాల్‌రాజ్‌ను పిలిపించాడు. బంధువులంతా వచ్చేలోగా విషయం చల్లార్చేయాలని ఆయన ఉద్దేశం. ఇడ్లీ చల్లారేలోగా మనిషి ప్రాణం సంగతి తేలిపోవాలి, చూశారా?

పాల్‌రాజ్ నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. చేతిలో ఆసుపత్రి కవరు ఉంది.

"ఏం లేదబ్బాయ్, స్టేషన్లో ఎవురైనా అడిగితే స్కూటీ జారి పడినాది అని చెప్పేయ్. మిగతాది అయ్య చూసుకుంటాడు" అన్నాడు దేవరాజులు.

"జారి పడలేదు సార్. తాడు కొట్టినాది. ఇప్పుడు మెడలో గొట్టంతో ఊపిరి తీస్తా ఉండాది" అన్నాడు పాల్‌రాజ్. కవరులోంచి స్కాన్ ఫిల్ము తీసి ముందుకు చాపాడు.

పెద్దల్లో ఒకాయన ఎడమచేత్తో అందుకొని ట్యూబులైటుకు అడ్డంగా పెట్టి చూశాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. పక్కాయనకు ఇచ్చాడు. "దయ్యం బొమ్మ మాదిరి ఉండాది గదప్పా" అన్నాడు పక్కాయన. నలుగురూ నవ్వారు. ఆ ఫిల్ము సాంబారు గిన్నెల మీదుగా చేతులు మారింది. కాలో చెయ్యో తెగి రక్తం కారుతూ ఉంటే వాళ్ళు మొహం తిప్పుకొనేవాళ్ళు, అయ్యో అనేవాళ్ళు. నల్లటి ఫిల్ములో ఉన్నది వాళ్ళకు మనిషి గొంతుగా కనబడలేదు. వీళ్ళు ఊరికి పెద్దలు. వీళ్ళు కూర్చొని న్యాయం చెబుతారు.

"లోపల బొమ్మలు తీస్తే ఎవురిలో అయినా ఏదో ఒకటి కనబడతాది" అన్నాడు చెంగల్వరాయుడు. "మెడ మీద చిన్న గీత. దానికింత రచ్చా?"

అప్పుడు విద్యాలక్ష్మి లోపలికి వచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది, పట్టుచీర కట్టుకోలేదు. ఆమెను చూసి పాల్‌రాజ్ తన ఫోను తీసి చూపించాడు.

"మేడమ్, మా బేబికి మాట రాదు గదా. పొద్దున ఇది టైపు చేసి ఇచ్చినాది. 'ఆ మేడమ్‌నే అందరికీ చెప్పమను' అని."

విద్యాలక్ష్మి ఒక పెద్దాయన చేతిలోంచి ఫిల్ము తీసుకుంది. తిన్నగా తిప్పి వెలుతురుకు పట్టుకుంది.

"మీరు దీన్ని తలకిందులుగా పట్టుకున్నారు. ఇది గొంతు" అంది. "ఇక్కడ నల్లగా ఉన్న ఈ సందులోంచే మనిషి ఊపిరి పోతుంది, వస్తుంది. ఇది ఇంత వెడల్పు ఉండాలి. ఇప్పుడు ఇంతే ఉంది. ఇక్కడ తెల్లగా కనిపిస్తున్నది విరిగిన ముక్క. తాడు తగిలి లోపలికి దిగింది. మెడ మీద గీత చిన్నదే, మామయ్యా. చర్మం సాగుతుంది, తెగదు. లోపలిది విరుగుతుంది. గొంతుకు దెబ్బ తగిలిన మనిషి బయటికి ఏమీ కాకుండానే ఇంట్లో మంచం మీద ఊపిరాగి పోవచ్చు. మాట మారిందా, మింగలేకపోతున్నారా, పడుకుంటే ఊపిరి ఆడలేదా, మెడ వాచిందా, ఇవి చూడాలి. రక్తం కాదు. ఆమెకు ఈ నాలుగూ ఉన్నాయి. ఆమె మాట్లాడలేకపోతే మీ డాక్టరు మాట్లాడొద్దన్నాడు. మీరు వాపు అని రాయమన్నారు."

ఇడ్లీ తింటున్న చేతులు ఆగాయి. చెంగల్వరాయుడి మొహం కందిపోయింది. బేనరు మీది మూడు మొహాల్లో ఏదీ దానికి పోలిక కాదు.

"నలుగురిలో ఇట్లనా మాట్లాడేది? నువ్వు ఈ ఇంటి కోడలివి."

"కోడలినే. అందుకే నా మొహం మీ తాడుకు కట్టినారు. నా బిడ్డ మొహం కూడా. నన్ను అడగలేదు. అడిగి ఉంటే వద్దని చెప్పి ఉండేదాన్నా అంటే, ఏమో, ఊరుకునేదాన్నేమో. నిన్నటిదాకా నేను కూడా ఆ బేనర్ల కిందినే కారులో పోతూ ఉన్నాను. తల ఎత్తి చూడలేదు. ఇప్పుడు చూసినాను. స్టేషన్లో నన్నడిగితే ఏం చూసినానో అదే చెబుతాను."

ఆమె భర్త మురళీధర్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. తండ్రి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, చివరికి గోడ గడియారం వైపు చూశాడు. ముహూర్తం దాటిపోతుందని మెల్లగా గుర్తుచేశాడు. అంతకన్నా ధైర్యమైన మాట ఆయనకు దొరకలేదు. విద్యాలక్ష్మి అత్తగారి ఒడిలోంచి భవ్యశ్రీని ఎత్తుకుంది. "దీనికి చెవులు ఇంకో రోజు కుట్టిస్తాను. తాడు లేని చోట" అని బయటికి నడిచింది. సన్నాయి మాత్రం కొంతసేపు అలాగే మోగింది. ఆపమని చెప్పడం ఎవరికీ తోచలేదు.

కేసు నమోదయింది. స్కాన్ రిపోర్టు ముందు 'జారి పడింది' అన్న మాట నిలబడలేదు. తాడు విషయం ముందే చెప్పానని పచ్చయ్యప్ప సాక్ష్యమిచ్చాడు. చెంగల్వరాయుడి మొహం ఆ మలుపులోంచి దిగింది. పాత్రల అంగడి వాళ్ళతో పేచీ ఎందుకని పచ్చయ్యప్ప టీకొట్టుకు రావడం మానేసినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ పేర్లు రాయడం నాకు ఇష్టం లేదు. వాళ్ళు మన చుట్టాలే అయి ఉంటారు.

బేబి మెడలోని గొట్టం తీసేశారు. రంధ్రం పూడింది. మాట వచ్చింది, కాని మునుపటి గొంతు కాదు. రాయి మీద రాయి గీసినట్టు ఉంటుంది, రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకోవాలి. మళ్ళీ పనికి పోతోంది. బస్సులో నవ్వు వస్తే చేయి అడ్డం పెట్టుకుంటుంది.

కథ ఇక్కడ ఆపితే పెద్దమనుషులకు కొంత మర్యాద మిగిలేది. వాళ్ళే మిగలనివ్వలేదు. రోడ్డు భద్రతా వారం వచ్చింది. వర్తక సంఘం ఘనంగా జరపాలనుకుంది. సంఘానికి అధ్యక్షుడు ఎవరో మీకు తెలుసు. ఒక ఆదివారం, బేబి చర్చి నుంచి వచ్చేసరికి, ఇంటి ముందు కారు ఆగి ఉంది. చెంగల్వరాయుడు, దేవరాజులు, కెమెరా పట్టుకొని ఒక మనిషి. దేవరాజులు చేతిలో జరీ శాలువ.

"అమ్మా బేబీ, జరిగిందేదో జరిగిపోయినాది. మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు చెంగల్వరాయుడు. "రోడ్డు భద్రత గురించి ఊరికి చెప్పాలని ఉండాము. నిన్ను సన్మానిస్తే జనానికి ఒక మెసేజ్ పోతాది. శాలువ కప్పుతాను, ఒక ఫొటో తీసుకుంటాము. బస్సు మలుపులో పెద్దగా పెట్టిస్తాము. ఈసారి ఇనప కంబాలే, తాడు గాదు."

కెమెరా మనిషి బేబిని వెలుతురులోకి రమ్మన్నాడు. మెడ మీద మచ్చ కనిపించేలా కొంచెం తల ఎత్తమన్నాడు కూడా.

తాయమ్మకు ఒళ్ళు మండింది. "సిగ్గు లేదా నీకు" అని ఆమె అనబోతుంటే బేబి అత్త చేయి పట్టుకొని ఆపింది. ఆ మాట తానే అనాలి. గొంతు తనది. మెడ మీదికి వస్తున్న శాలువను చేత్తో పక్కకు తోసింది. ఊపిరి పీల్చుకుంది.

"పెద్దాయనా, మీ మొహం మీకంత ఇష్టమైతే మీ ఇంటి గోడకు కట్టుకోండి. రోడ్డు మీ గోడ గాదు. మేము ఊపిరి తీసుకుంటా పోయే దోవ అది."